మడతపేచీ అక్క పన్ను లెక్క

ఆ పెద్దాసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు మడతపెడుతున్న మనిషిని అందరూ మడతపేచీ అక్క అనేవారు. ఆ పేరులో సగం ఆమె పని, సగం ఆమె గుణం. రోలరు ఇస్త్రీ యంత్రంలోంచి పొగలు కక్కుతూ వచ్చే దుప్పటిని ఎదురుగా ఉన్న తోటి మనిషితో కలిసి అందుకుని నాలుగు మడతలు వేసి దొంతిలో పెట్టడానికి ఆమెకు తొమ్మిది సెకన్లు పట్టేది. ఏదైనా విషయం తేడాగా కనిపిస్తే దాన్ని వదిలిపెట్టడానికి మాత్రం తొమ్మిదేళ్లయినా చాలేవి కావు.

ఒకసారి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు నలభై దిండు గలేబులు తక్కువైన బండిని ఆమె ముందుకు తోసి, రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు.

"లెక్క సరిపోలేదండీ" అంది.

"పెట్టమ్మా, పైవాళ్లకి నేను చెప్పుకుంటాను."

"అలాగే. ఆ చెప్పుకునేదేదో ముందు చెప్పుకుని రండి, అప్పుడు పెడతాను."

మూడు రోజులు ఆ బండి గుమ్మం దగ్గర అలాగే ఉండిపోయింది. దానికి అటు ఆయన, ఇటు ఈమె. నాలుగో రోజున గలేబులు పిల్లల వార్డు అలమారలో దొరికాయి. ఆ రోజు నుంచి సూపర్‌వైజరు కూడా ఆమెను అక్కా అనే పిలిచాడు, తనకంటే ఆమె మూడేళ్లు చిన్నదైనా.

అలాంటి మనిషి పన్నుల విషయంలో మాత్రం పదకొండేళ్లు కళ్లు మూసుకుంది. దానికి కారణం కాగితాల బాబాయి.

రిటర్నులు దాఖలు చేసే రోజులు దగ్గర పడగానే కాగితాల బాబాయి ఆసుపత్రి క్యాంటీన్లో మూల బల్ల దగ్గర నల్ల సంచీతో ప్రత్యక్షమయ్యేవాడు. మిగతా ఏడాదంతా ఎదురువీధి జిరాక్సు షాపు ముందు అతని బల్ల ఉండేది. మాట తేనె. ఎవరి పిల్లలు ఏ క్లాసో, ఎవరి మోకాలు నొప్పో అన్నీ గుర్తు. జీతం చీటీ తీసుకుని, ఖాళీ ఫారం ముందుకు జరిపి, "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని వేలు పెట్టి చూపించేవాడు. సంతకం పెడితే చాలు, రెండు నెలలకు పన్నుల ఆఫీసు నుంచి డబ్బు వెనక్కి వచ్చేది. అందులో ఐదో వంతు బాబాయిది. ఆమెను మొదటిసారి ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్లింది ఆడపడుచు. ఆమె కూడా అదే లాండ్రీలో ఉతికే యంత్రాల దగ్గర పనిచేసేది.

"మనకెందుకు వదినా ఆ గడులూ గీతలూ? ఆయన చూసుకుంటాడు" అంది ఆడపడుచు.

ఆయన చూసుకున్నాడు. వచ్చిన డబ్బుతో ఒక ఏడాది ఫ్రిజ్జు, ఒక ఏడాది కూతురికి సైకిలు, ఒక ఏడాది భర్త పంటికి తొడుగు.

అసలు సంగతి బయటపడింది కూతురి కాలేజీ వల్ల. ఫీజులో రాయితీ కావాలంటే తల్లిదండ్రుల మూడేళ్ల రిటర్నుల నకళ్లు, ఆఫీసు ముద్రతో సహా తెమ్మన్నారు. భర్త లిఫ్టుల మెకానిక్కు. అతని నకళ్లు కంపెనీవాళ్లే ఇచ్చారు. ఆమెవి తెచ్చిపెడతానని బాబాయి రేపు మాపు అంటూ మూడు వారాలు తిప్పాడు. చివరికి ఒక సెలవు రోజున ఆమే పన్నుల ఆఫీసుకు వెళ్లి, వరసలో గంటన్నర నిలబడి, రుసుము కట్టి, కవరు తీసుకుని బయటికొచ్చింది.

మెట్ల మీద కూర్చుని కవరు విప్పింది. ఊరికే, పేరు సరిగ్గా పడిందో లేదో చూద్దామని. మొదటి పేజీలో పేరు సరిగ్గానే ఉంది. మూడో పేజీలో 'ఆధారపడినవారు' అన్న గడి ఉంది. దాని కింద ఇలా ఉంది: తల్లి. వయసు డెబ్బై ఐదు. శాశ్వతంగా మంచాన ఉన్నది. మందులకూ, పనిమనిషికీ అయిన ఖర్చు ఇంత.

రెండో ఏడాది కాగితం తీసింది. తల్లి, డెబ్బై ఆరు. శాశ్వతంగా మంచాన. ఖర్చు మరికాస్త పెరిగింది.

మూడో ఏడాది, డెబ్బై ఏడు.

ఆమె తల్లి డెబ్బయ్యో ఏట పోయింది. పోయి ఎనిమిదేళ్లయింది. బస్సు స్టాపు పక్కన టీ బల్ల నడుపుకుంటూ, కూతురి దగ్గర పైసా తీసుకోకుండా బతికిన మనిషి. ఆఖరి రోజు ఉదయం కూడా పాలు కాచి, గుండెలో పట్టేసినట్టుందని పక్కవాడికి బల్ల అప్పగించి, తన కాళ్ల మీద తనే ఆసుపత్రికి నడిచి వచ్చింది. రెండు గంటల్లో అంతా అయిపోయింది. జ్వరమొచ్చినా ఒక్క పూట మంచం ఎక్కని మనిషి. ఆమెను కాగితం మీద బతికించింది చాలక, ఏడాదికో ఏడాది వయసు పెంచుతూ మంచానికి కట్టేసి ఉంచారు.

ఆ కాగితాల అడుగున ఉన్న సంతకం మాత్రం తనదే. వంకర లేని, గుండ్రటి సంతకం. గలేబుల బండి దగ్గర మూడు రోజులు పెట్టని ఆ సంతకమే, ఖాళీ కాగితం మీద పదకొండుసార్లు పెట్టింది. కోపం ఎవరి మీద ముందు రావాలో కాసేపు తేలలేదు. తేలాక లేచి నేరుగా జిరాక్సు షాపుకు వెళ్లింది.

"బాబాయ్, మా అమ్మ వయసెంత?"

బాబాయి తలెత్తి నవ్వాడు. "డెబ్బై దాటుంటాయి కదమ్మా. బావున్నారా?"

"పోయి ఎనిమిదేళ్లయింది."

అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయ్యయ్యో. చెప్పొద్దూ మరి? నువ్వు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

"మంచాన పడిందని నీకెవరు చెప్పారు?"

"ఓ, అదా." గొంతు తగ్గించాడు. "అది కాగితం మాట తల్లీ. అలా రాస్తేనే నాలుగు డబ్బులు వెనక్కొచ్చేది. నీ ఒక్కదానికే అనుకున్నావా? మీ లాండ్రీలో ఎనిమిదిమందికి కవలలున్నారు. ఆ బాయిలరు అతనికి ఒక కాలే లేదు."

బాయిలరు అతను ఆదివారం ఆదివారం ఫుట్‌బాల్ ఆడతాడు. ఇంకో రోజైతే ఆమె నవ్వేదే.

"సరిచెయ్యి" అంది.

"వచ్చే ఏడాది తీసేస్తాలే."

"వచ్చే ఏడాది కాదు. రాసినవన్నీ సరిచెయ్యి."

బాబాయి ముఖంలో తేనె ఇంకిపోయింది. "చూడమ్మా, అందులో నా పేరెక్కడైనా ఉందా? ఉన్నది నీ సంతకం. తవ్వుకుంటే నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నట్టు. ఇంటికెళ్లి చల్లటి నీళ్లు తాగి పడుకో."

"నా సంతకమే. అందుకే నేనే సరిచేసుకుంటాను. ఒక్కటి మాత్రం విను బాబాయ్. నీ మీద ఫిర్యాదు చెయ్యడానికి నేను వెళ్లడం లేదు. కానీ ఎవరైనా అడిగితే, అబద్ధం మాత్రం ఆడను."

ఇంట్లో భర్త విని, చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. మంచివాడే, కాకపోతే గోల పడనివాడు. "కొరివితో తల గోక్కుంటానంటావేమిటే? ఎవరడిగారు నిన్ను? ఆ నకళ్లు అలాగే కాలేజీకి ఇచ్చేస్తే పిల్లకి రాయితీ వస్తుంది. నీ అసలు ఆదాయం రాస్తే కాలేజీవాళ్లు పెట్టిన గీత దాటిపోతాం, రాయితీ పోతుంది. పైగా తిరిగి కట్టాలి. మీ అమ్మే ఉంటే ఏమనేదో తెలుసా? పోన్లేవే, మనవరాలి చదువుకి పనికొచ్చాను కదా అనేది."

"మా అమ్మ అలా అనదు. నన్ను మంచాన పడేసిందెవరే అని ఆ టీ గరిటె పుచ్చుకుని వచ్చేది."

అది నిజమేనని అతనికీ తెలుసు. అత్తగారి గరిటె రుచి అతనూ ఒకసారి చూశాడు.

రాయితీ పోతుందని తండ్రి అన్న మాట విని కూతురు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. రెండు రోజులు ఎదురుపడినా మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ అక్కకు అన్నం సయించలేదు. అయినా మనసు మార్చుకోలేదు.

పన్నుల ఆఫీసులో నలభై ఎనిమిది పేజీల సూచనల పుస్తకం ఉచితంగా ఇస్తారని ఆమె వరసలో నిలబడ్డ రోజే గమనించింది. వెళ్లి తెచ్చుకుంది. పదో తరగతి తర్వాత ఆమె అంత లావు పుస్తకం చదవడం అదే మొదలు. ఉదయం బస్సులో రెండు పేజీలు, మధ్యాహ్నం విరామంలో మూడు పేజీలు. మొదటి వారం తల పగిలిపోయింది. స్థూల ఆదాయమట, నికర ఆదాయమట, ఈ రెండింటికీ మధ్య పదిహేను తగ్గింపులట. ఒక రోజు తడి దుప్పట్ల బండి తోస్తూ ఉండగా చటుక్కున అర్థమైంది. ఉతికే యంత్రంలోంచి తీసినప్పుడు తూకం వేస్తే అది స్థూలం. నీళ్లన్నీ పోయి ఆరాక తూస్తే అది నికరం. ఏ నీళ్లు పిండెయ్యొచ్చో, ఏవి కూడదో చెప్పడానికే ఈ నలభై ఎనిమిది పేజీలు. "ఇంతోటి దానికి ఇంత గొప్పా!" అని పైకే అంది.

ఇస్త్రీ బల్ల మీద కాగితాలన్నీ పరిచి ఆదివారం ఉదయం కూర్చుంది. ముందు పెన్సిలుతో, తర్వాత పెన్నుతో. అమ్మను తీసేసింది. ఆ గడి ఖాళీగా పెట్టడానికి లేదు, 'ఎవరూ లేరు' అని రాయాలి. రాసింది. ఆ రెండు మాటలు రాసేటప్పుడు మాత్రం పెన్ను కాసేపు ఆగింది. ఇరవై ఏడో పేజీలో ఇంకో సంగతి దొరికింది: పనికి తప్పనిసరైన బూట్లు సొంత డబ్బుతో కొనుక్కుంటే ఆ ఖర్చు తగ్గించుకోవచ్చట. తడి నేల మీద జారని బూట్లు ఏటా రెండు జతలు కొంటుంది ఆమె. న్యాయంగా రావలసిన ఆ తగ్గింపును చేతిలో ఉన్న మూడేళ్ల కాగితాల్లో బాబాయి ఒక్కసారి కూడా రాయలేదు. లేని రోగం రాశాడు గానీ ఉన్న బూట్లు రాయలేదు. దానికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత 'ఇతర ఆదాయం' గడి వచ్చింది. ఇరుగుపొరుగు వాళ్ల బట్టలకు జిప్పులు మార్చి, అంచులు కుట్టి ఇచ్చినందుకు వచ్చే డబ్బు. అది కూడా రాసింది.

భర్త భుజం మీదుగా తొంగిచూసి, నెత్తి కొట్టుకున్నాడు. "జిప్పులు కూడానా! పిచ్చి ముదిరింది నీకు."

"ముదిరితే ముదిరింది. సగం కడిగిన గిన్నెలో వండుకుంటామా?"

లాండ్రీలో సంగతి అప్పటికే పాకిపోయింది. పాకించింది బాబాయి. ఒక్కదాని కాగితం తెరిస్తే వెనకే అందరివీ తెరుస్తారని చెప్పి పెట్టాడు. విరామంలో ఆమె కూర్చున్న బల్ల దగ్గరి నుంచి ఒక్కొక్కరే అన్నం డబ్బా పట్టుకుని లేచిపోయారు. ఆడపడుచు మాత్రం లేచిపోయే రకం కాదు, ఎదురుగా నిలబడి కడిగేసింది.

"నీ పత్తిత్తు వేషాలకి మమ్మల్నందరినీ బజారుకి ఈడుస్తావా వదినా? నాకు ఇద్దరు పిల్లలు. కాగితం మీద నలుగురున్నారని నాకు మాత్రం తెలుసా?"

"ఇప్పుడు తెలిసింది కదా వదినా. నాతో రా. కలిసి వెళ్దాం."

"నువ్వే వెళ్లు! నాకేదైనా అయితే నీ గడప తొక్కితే ఒట్టు."

"ఒట్టు పెట్టుకో. నేను మాత్రం గురువారం వెళ్తున్నాను. ఇంకా మూడు రోజులుంది."

ఎవరూ రాలేదు.

గురువారం కిటికీ వెనకున్న గుమాస్తా ఆమె కాగితాలు తిప్పి చూసి వెనక్కి తోసింది. "సవరణలు మామూలువాళ్లు చెయ్యలేరమ్మా. ఏజెంటుని పెట్టుకోండి."

"ఏజెంటుని పెట్టుకునే ఇంతవరకూ వచ్చానండీ. పదిహేడో పేజీ చూడండి, 'పన్ను చెల్లించే వ్యక్తి స్వయంగా గానీ' అని ఉంది. ముందు ఉన్నది స్వయంగానే. ఏజెంటు తర్వాతే."

గుమాస్తా పుస్తకం చూడలేదు గానీ కాగితాలు మళ్లీ దగ్గరికి తీసుకుంది. ఏదో అనుబంధం లేదని ఆ రోజు పంపేసింది. తర్వాతి వారం అనుబంధంతో వెళ్తే జీతం చీటీల మీద ఆసుపత్రి ముద్ర లేదంది. మూడో వారం ముద్రలతో సహా వెళ్లింది. ఈసారి అన్నీ సరిపోయాయి, ఆఖరి గడి తప్ప. 'సవరణకు కారణం' అన్నచోట ఆమె ఇలా రాసింది: మా అమ్మ చనిపోయి ఎనిమిదేళ్లయింది. ఆమె ఎప్పుడూ మంచాన పడలేదు. నేను చదవకుండా ఖాళీ ఫారం మీద సంతకం పెట్టాను.

"ఇలా రాయకూడదండీ" అంది గుమాస్తా. ఈసారి గొంతు మెత్తగానే ఉంది. "'పొరపాటున' అని ఒక్క ముక్క రాయండి చాలు. అందరూ అదే రాస్తారు. ఇలా రాస్తే మీకే ఇబ్బంది, పైకి పంపాల్సొస్తుంది."

"పొరపాటు కాదండీ. పొరపాటంటే ఏడు రాయబోయి ఒకటి రాయడం. ఇది పదకొండేళ్లు జరిగింది."

"మీ మంచికే చెప్తున్నాను."

"తెలుసండీ. కానీ మళ్లీ మీరు చెప్పింది రాసి సంతకం పెడితే, ఆ బల్లకీ ఈ కిటికీకీ తేడా ఏముంటుంది?"

గుమాస్తా ముద్ర తీసి, తేదీ సరిచేసి, గట్టిగా కొట్టింది.

పది రోజుల తర్వాత పైఅంతస్తు నుంచి పిలుపు వచ్చింది. అక్కడొక అధికారి, ఫ్యాను కింద ఎగరకుండా కాగితాల మీద గాజు బిళ్ల పెట్టుకుని కూర్చున్నాడు.

"ఖాళీ ఫారం ఎవరికిచ్చారు?"

"కాగితాల బాబాయికి."

"పేరు?"

పదకొండేళ్లు తన జీతం, తన తల్లి, తన సంతకం చేతిలో పెట్టిన మనిషి పేరు తనకు తెలియదు. "తెలియదండీ" అంది. సిగ్గేసింది. "ఎవరికీ తెలియదనుకుంటాను. జిరాక్సు షాపు ముందు కూర్చుంటాడు."

"మీరు చెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదేమో" అన్నాడు అధికారి. అది మెచ్చుకోలో, హెచ్చరికో ఆమెకు తెలియలేదు.

"మీకు తెలియాలని రాలేదండీ. నా కాగితంలో అబద్ధం ఉండకూడదని వచ్చాను."

చట్టం ప్రకారం వాళ్లు వెనక్కి వెళ్లగలిగింది మూడేళ్లే. ఆ మూడేళ్లదీ వడ్డీతో కట్టాలి. తనంతట తానే వచ్చి చెప్పినందుకు జరిమానా లేదు. బూట్ల తగ్గింపు పోను, మొత్తం రెండు నెలల జీతానికి కాస్త ఎక్కువ తేలింది. పద్దెనిమిది వాయిదాలు అడిగింది, ఇచ్చారు. కూతురికి రాయితీ రాలేదు. కాలేజీ గీతకు వీళ్ల ఆదాయం కొంచెమే పైన ఉంది. ఆ కొంచెం దాదాపు ఆ జిప్పుల డబ్బే. భర్త ఈ సంగతి వారం రోజులు పొద్దునా సాయంత్రం గుర్తుచేశాడు. కూతురు కాలేజీ లైబ్రరీలోనే పుస్తకాలు సర్దే పని చూసుకుంది. మొదటి జీతం తెచ్చిన రోజు, "అమ్మా, నువ్వు చేసింది తప్పని నేననను. కానీ నాకు ముందు చెప్పాల్సింది. నా ఫీజు కదా" అంది. ఆమె "చెప్పాల్సిందే" అని ఒప్పుకుంది. ఆమె ఒక మాట అలా ఒప్పుకోవడం ఆ ఇంట్లో అరుదు.

జిరాక్సు షాపు ముందు బల్ల ఒక రోజు కనిపించకుండా పోయింది. ఆ తర్వాతి నెలలో లాండ్రీలో పదమూడుమందికి నోటీసులొచ్చాయి. వాళ్లకు జరిమానా కూడా పడింది. బాయిలరు అతను ఆమె ముఖం చూడటం మానేశాడు, ఇప్పటికీ చూడడు. ఇస్త్రీ యంత్రం దగ్గర ఎదురుగా పనిచేసే ఆమె, దుప్పటి రెండో కొస అందించడం మానేసింది. దుప్పటి ఒక్కరే మడవాలంటే తొమ్మిది సెకన్లు చాలవు. అక్క ఇరవై సెకన్లు తీసుకుని ఒక్కతే మడిచింది. ఎవరినీ బతిమాలలేదు.

ఒట్టు పెట్టుకున్న ఆడపడుచు ఒక మధ్యాహ్నం గుమ్మం అవతలే నిలబడి, నోటీసు పట్టుకున్న చెయ్యి లోపలికి చాచింది. "గడప తొక్కలేదు చూడు. ఇక్కడి నుంచే అడుగుతున్నాను. దీన్నేం చెయ్యాలి?"

"ముందు చదవాలి."

"నువ్వు నింపి పెట్టు వదినా. నీకు వచ్చు కదా."

"నింపను" అంది ఆమె. "పక్కన కూర్చుంటాను. సాయంత్రమైనా కూర్చుంటాను, రేపైనా కూర్చుంటాను. పెన్ను మాత్రం నువ్వే పట్టుకోవాలి. నేను మాత్రం నేర్చుకుని పుట్టానా ఏంటి?"

ఆడపడుచు తిట్టుకుంటూ గడప దాటి లోపలికొచ్చింది. లేని ఇద్దరు పిల్లల్ని కొట్టేయడానికి వాళ్లకు నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఆ తర్వాత ఇంకో ఐదుగురు వచ్చారు. మిగతావాళ్లు కొత్త ఏజెంటును వెతుక్కున్నారు. వాళ్లను ఆమె ఏమీ అనలేదు.

మరుసటి ఏడాది రిటర్నుల నెల మొదటి ఆదివారం, భర్త కూడా ఇస్త్రీ బల్ల అటువైపు ఒక ఫారం పెట్టుకుని కూర్చున్నాడు. కంపెనీవాళ్లు చేసిపెడతారు కదా అని ఆమె అడగలేదు. అతను గంటసేపు గొణుగుతూ నింపి, ఒకచోట ఆగాడు. సెలవు రోజుల్లో అపార్టుమెంట్లలో లిఫ్టులు బాగుచేసి అతను విడిగా సంపాదించేది ఎంతో, ఆ ఇంట్లో ఆమెకు కూడా తెలియదు.

"ఈ ఇతర ఆదాయం గడిలో..." అన్నాడు.

"నీ కాగితం. నీ ఇష్టం."

అతను పెన్ను పారేసినంత పని చేశాడు. "ఈ ఇంట్లో మనిషి చిన్న అబద్ధమాడటానికి కూడా చోటు లేకుండా చేశావు కదే!"

"చోటుకేం, బోలెడుంది. అటువైపు బల్లంతా నీదే" అని ఆమె తన ఫారం రెండో పేజీ తిప్పింది.

అతను లేచి వెళ్లి, మంచినీళ్లు తాగి, వరండాలో అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఆ గడిలో ఒక అంకె రాశాడు. కాసేపు దాన్నే చూసి, కొట్టేసి, దాని పక్కన అంతకంటే పెద్దది రాశాడు.